వాయించిన స్వరం వెనక్కొస్తే...

- రెండు టేపు రికార్డర్లు, ఒక గిటార్‌తో లండన్ ఇంట్లో పుట్టిన ప్రయోగం
- తంబుర శ్రుతి ఎరిగిన చెవులకు ఇట్టే పట్టుబడే సంగీతం

పల్లవి లేదు. చరణం లేదు. మాట లేదు. తాళం వేద్దామంటే ఆధారమూ దొరకదు. గ్రామఫోను రికార్డుకు ఒకవైపు ఒకటే వాద్యం, దాదాపు 21 నిమిషాలు. రెండోవైపు ఇంకొకటి, సుమారు 19 నిమిషాలు. 1973 నవంబరులో బ్రిటన్‌లో వెలువడిన ఈ రికార్డు పేరు 'నో పుసీఫుటింగ్'. నసుగుడు వద్దు అని దానర్థం. చేసింది ఇద్దరే. గిటార్ రాబర్ట్ ఫ్రిప్‌ది. సింథసైజరు, టేపులు బ్రయాన్ ఈనోవి.

ఇద్దరూ అప్పటికే పేరున్నవాళ్లు. 'కింగ్ క్రిమ్సన్' బృందానికి ఫ్రిప్ పెద్దదిక్కు. 'రాక్సీ మ్యూజిక్'లో ఈనో సింథసైజరు చూసుకునేవాడు. 1972 సెప్టెంబరులో ఫ్రిప్ గిటార్ పట్టుకుని లండన్‌లోని ఈనో ఇంటికి వెళ్లాడు. అప్పటికి ఫ్రిప్‌కు 26 ఏళ్లు, ఈనోకు 24. అక్కడ రెండు రివాక్స్ టేపు రికార్డర్లు సిద్ధంగా ఉన్నాయి. రికార్డు మొదటివైపు ఆ ఇంట్లోనే తయారైంది.

కిటుకు ఇదీ...

ఒకే టేపు రెండు రికార్డర్ల గుండా నడుస్తుంది. మొదటిది గిటార్ శబ్దాన్ని టేపుకెక్కిస్తుంది. ఆ టేపు కాస్త దూరం వెళ్లి రెండోదాన్ని చేరగానే అది ఆ శబ్దాన్ని వినిపిస్తుంది. వినిపించినదాన్ని వైరు ద్వారా మళ్లీ మొదటిదానికే పంపుతారు. అది కొత్త స్వరంతో కలిసి మళ్లీ టేపుకెక్కుతుంది. అలా కొన్ని సెకన్లకోసారి పాత స్వరం తిరిగొస్తూ, తిరిగినకొద్దీ మసకబారుతూ పోతుంది. రికార్డర్లను ఇంకాస్త ఎడంగా జరిపితే తిరిగొచ్చే వ్యవధీ పెరుగుతుంది. ఏ స్వరాన్ని ఎంతసేపు తిరగనివ్వాలో చూసుకోవడం ఈనో పని.

వాయించేవాడికి ఇందులో పెద్ద చిక్కే ఉంది. మామూలు కచేరీలో అపస్వరం పడితే క్షణంలో గాలిలో కలిసిపోతుంది. ఇక్కడ మాత్రం కాసేపటికి మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. తోసేయడానికి లేదు, దాన్ని కలుపుకుపోయే మరో స్వరం వెతుక్కోవాల్సిందే. అందుకే ఫ్రిప్ గిటార్‌లో ఇక్కడ హడావిడి కనిపించదు. ఒక్కో స్వరాన్ని సాగదీసి, నిలబెట్టి వదులుతాడు. రికార్డు అట్ట మీద ఇద్దరూ అద్దాల గదిలో కూర్చుని ఉంటారు. బొమ్మలో బొమ్మ, దానిలో మరో బొమ్మ. లోపల వినిపించేదీ అదే!

రెండోవైపు వాద్యాన్ని 1973 ఆగస్టులో లండన్ స్టూడియోలో చేశారు. ఇందులో ఈనో సింథసైజరు గిటార్‌తో సరిసమానంగా కలుస్తుంది. మొదటివైపు నిలకడగా సాగితే, ఇది చినుకులు కురిసినట్టు ఒత్తుగా ఉంటుంది.

తంబుర తెలిస్తే చాలు

మిరజ్‌లో చేసినదైనా, తంజావూరులో చేసినదైనా తంబుర తీరు ఒక్కటే. ఒక తీగ మోత అణగకముందే మరో తీగ మోత వచ్చి చేరుతుంది. కచేరీలో ఆ శ్రుతి పాటకు వెనక ఉంటుంది. ఈ రికార్డులో వెనక ఉండాల్సిందే ముందుకొచ్చి కూర్చుంది. అలవాటు లేనివాళ్లకు 'ఏమీ జరగడం లేదే' అనిపించేది అందుకే.

ఈ టేపు పద్ధతి ఈనో కనిపెట్టింది కాదు. 1960ల్లోనే అమెరికాలో టెర్రీ రైలీ, పాలీన్ ఆలివెరోస్ దీన్ని వాడారు. ఆ రైలీ 1970లో పండిట్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యుడయ్యాడు. ఆయనది కిరానా ఘరానా. హుబ్లీ, ధార్వాడ వైపు ఉన్నవారికి గంగూబాయి హానగల్, భీంసేన్ జోషీల వల్ల బాగా తెలిసిన ఘరానాయే అది.

తిరగేసి వేసినా సాగింది

రికార్డు అమ్మకాల్లో పెద్దగా నిలబడలేదు. 1973 డిసెంబరులో బీబీసీ రేడియోలో జాన్ పీల్ దీన్ని వినిపించినప్పుడు టేపు వెనక నుంచి ముందుకు తిరిగింది. విన్నవాళ్లలో ఈనో కూడా ఉన్నాడు! 2008లో రికార్డును మళ్లీ విడుదల చేసినప్పుడు ఆ తిరగేసిన రూపాన్నీ పనిగట్టుకుని చేర్చారు.

అసలు పరీక్ష 1975లో ఎదురైంది. అప్పటికి ఫ్రిప్ తన బృందాన్ని రద్దు చేశాడు, ఈనో తన బృందం నుంచి బయటికొచ్చేశాడు. ఇద్దరే యూరప్ పర్యటనకు బయల్దేరారు. పాత హిట్లు వినిపిస్తారని టికెట్లు కొన్నవారికి మసక వెలుతురులో ఈ నిలకడ శబ్దమే దక్కింది. కొన్నిచోట్ల జనం ఈలలు, కేకలతో గోల చేశారు. అయినా వీళ్లు దారి మార్చలేదు. ఆ ఏడాదే 'ఈవెనింగ్ స్టార్' అనే రెండో రికార్డు తెచ్చారు. ఈ తరహా సంగీతానికి 'ఆంబియెంట్' అన్న పేరును ఈనో 1978లో 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్'తో స్థిరపరిచాడు. ఆ పర్యటనలో మే 28న పారిస్‌లో ఇచ్చిన కచేరీ 2014లో మూడు సీడీలుగా వచ్చింది. ఒకనాడు డబ్బు దండగ అనిపించుకున్న సంగీతాన్ని ఏరి కొనుక్కునే శ్రోతలు తయారయ్యారన్నమాట.

వినాలనుకునేవారు మొదటివైపుతోనే మొదలుపెట్టాలి. పాట కోసం ఎదురుచూస్తే విసుగే మిగులుతుంది. ఒక్క స్వరాన్ని పట్టుకుని, అది ఎన్నిసార్లు తిరిగొస్తుందో, ఎక్కడ మాయమవుతుందో గమనిస్తే చాలు. 21 నిమిషాలు ఇట్టే గడిచిపోతాయి.