లక్కబొమ్మ కొంటున్నారా? ముందు తిరగేసి చూడండి!

తుని నుంచి మాట్లాడుతున్నాను. మొన్న తీర్థంలో మా మేనకోడలికి చెక్క గిలక్కాయ కొన్నాను. "ఏటికొప్పాకదే బాబూ" అన్నాడు అమ్మినాయన. గంట తిరక్కుండానే పాప పెదాలన్నీ ఎరుపు! రంగు ఊడి నోట్లోకి వెళ్లిపోయింది. అందుకే ఈరోజు ఎపిసోడ్: మంచి లక్కబొమ్మని ఎలా గుర్తుపట్టాలి, ఎంత పెట్టొచ్చు?

ఏటికొప్పాక మనకి దగ్గరే. తుని నుంచి విశాఖ వైపు వెళ్తే వరాహ నది ఒడ్డున ఉంటుంది. అక్కడి బొమ్మలకి 2017లో జీఐ ట్యాగ్ వచ్చింది. సహజ రంగుల్ని మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. జీఐ ట్యాగ్ ఆ ఊరి పేరుకి రక్షణ. మీ చేతిలో ఉన్న బొమ్మ బాగుందో లేదో మాత్రం మీరే చూసుకోవాలి.

మొదటిది, కర్ర. బొమ్మని తిరగేయండి. అడుగున లక్క లేనిచోట అసలు చెక్క కనిపిస్తుంది. వాడేది అంకుడు కర్ర. తెల్లగా, నున్నగా, మెత్తగా ఉంటుంది. సన్నటి పగులు కనిపించిందంటే పచ్చి కర్రని సరిగ్గా ఆరబెట్టలేదని అనుమానించండి. అది రేపు ఇంకా విచ్చుకుంటుంది.

రెండోది, పనితనం. ఇవి లేత్ మీద తిప్పి చేసేవి. బొంగరమైతే తిప్పి చూడండి, వణక్కుండా నిలబడాలి. కుంకుమ భరిణైతే మూతని ఎటు తిప్పి పెట్టినా ఒకేలా కూర్చోవాలి. లక్కపిడతలైతే సెట్‌లో ప్రతి గిన్నే విడిగా చూడండి.

మూడోది, లక్క. తిరిగే చెక్కకి రంగు లక్క కడ్డీని ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. అంటే బ్రష్ గీతలు, రంగు కారిన చారలు, పెయింట్ వాసన ఉన్నాయంటే అది లక్కపని కాదన్నమాట. తడి తెల్ల రుమాలుతో తుడవండి. రంగు అంటిందా, పిల్లలకి వద్దే వద్దు.

నాలుగోది, రంగు. పసుపు, నీలి, జాఫ్రా గింజల నుంచి వచ్చే రంగులు కంటికి చల్లగా ఉంటాయి. కళ్లు జిగేల్‌మనే రంగులైతే ఏం వాడారో అడగండి.

మరి ధర? సైజు చూసి లెక్కేయకండి. పెద్ద బొమ్మకి కర్ర ఎక్కువ పడుతుందేమో గానీ, అంగుళం భరిణకి మూత కుదర్చడానికే చెయ్యి తిరిగుండాలి. ఎన్ని భాగాలు, ఎన్ని రంగులు, అతుకు ఎంత బిగువుగా ఉంది, ఇవీ చూడాల్సినవి. ఈ పరీక్షలన్నీ నెగ్గిన బొమ్మ దగ్గర మాత్రం గీచిగీచి బేరమాడకండి. అలా తగ్గించుకుంటూ పోతే చివరికి మిగిలేది పెయింట్ బొమ్మలే.

కొన్నాక ఎండలో, కారు డ్యాష్‌బోర్డ్ మీద పెట్టకండి, లక్క మెత్తబడుతుంది. శానిటైజర్‌తో అస్సలు తుడవకండి, అందులో ఆల్కహాల్ లక్కని కరిగించేస్తుంది. పొడిబట్ట చాలు.

మీ ఇంట్లో లక్కబొమ్మ ఉంటే ఇప్పుడే తిరగేసి చూడండి. అడుగున ఏం కనిపించిందో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను!