మంచు మీద ఉండపాకం

మార్చి నెలాఖరులో వెర్మాంట్ వెళ్తున్నామంటే ఆఫీసులో అందరూ నవ్వారు. మంచు సగం కరిగి మట్టిరోడ్లన్నీ బురదగా మారే కాలం అది. చూడ్డానికి రంగురంగుల ఆకులుండవు. కానీ నాన్న తిరుగు ప్రయాణానికి వారమే ఉంది. వచ్చిన దగ్గర్నుంచీ మా అపార్ట్‌మెంట్ కిటికీ పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆయనకి ఒక్కటైనా చూపించాలనిపించింది.

దిగింది పాత చెక్క ఇంట్లో నడిపే ఒక చిన్న ఇన్‌లో. మన పూటకూళ్ళ ఇల్లు లాంటిదే. మెనూ కార్డు లేదు. "ఈ పూట ఉన్నది ఇదీ" అని ఒక పలక మీద సుద్దముక్కతో రాసిపెట్టారు. పార్స్‌నిప్ సూపు, మేపుల్ సిరప్ వేసి ఉడికించిన బీన్స్, బంగాళాదుంపలు, నేలమాళిగలో దాచిన ఆపిల్స్‌తో పై. పార్స్‌నిప్ చూడ్డానికి తెల్ల ముల్లంగిలా ఉంటుంది. చలికాలమంతా నేలలోనే వదిలేసి, మంచు కరిగాక తవ్వితే తియ్యగా ఉంటుందట. ఆకుకూర ఏదైనా ఉందా అని అడిగాను. "ఇంకో నెల ఆగాలి. అప్పుడు అడవిలో ఫిడిల్‌హెడ్స్ వస్తాయి" అంది ఇంటావిడ. చుట్టచుట్టుకుని ఉండే లేత ఫెర్న్ మొగ్గలవి. పచ్చివి తింటే జబ్బు చేస్తుంది, బాగా ఉడికించాలి.

"ఏ కాలానికి ఆ కూర. మనూళ్ళో చింతచిగురు లాగే" అన్నాడు నాన్న.

మర్నాడు పొద్దున్నే పెరటి వెనక షెడ్డులోకి తీసుకెళ్ళారు. లోపలంతా ఆవిరి. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త ఎండ ఉంటేనే మేపుల్ చెట్టు నుంచి రసం కారుతుంది. చెట్టు మొగ్గ వేసిందంటే రుచి చెడిపోతుంది, సీజను అయిపోయినట్టే. రసంలో తీపి రెండు శాతమో ఏమో, అంతే. 40 గ్యాలన్లు మరగబెడితే ఒక్క గ్యాలన్ సిరప్. అమెరికాలో తయారయ్యే సిరప్‌లో దాదాపు సగం ఈ చిన్న రాష్ట్రానిదే.

పళ్ళెం మీద నురగ పొంగింది. పెద్దాయన ఒక చుక్క వెన్న వేశాడు. నురగ ఠక్కున అణిగిపోయింది.

నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "మనం ఆముదం చుక్క వేసేవాళ్ళం రా."

మాది అనకాపల్లి దగ్గర పల్లె. బెల్లం వండే ఇల్లు. నేను ఇంజనీరింగులో చేరిన ఏడాదే మా పొయ్యి ఆరిపోయింది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

తర్వాత సిరప్‌ని ఇంకాస్త కాచి, గిన్నెలో నింపిన మంచు మీద పోశారు. అది సాగే చాక్లెట్‌లా బిగుసుకుంది. నాన్న వేళ్ళతో తీసి, నలిపి, ఉండ చేసి చూశాడు.

"నీళ్ళలో వేసి చూసేది వీళ్ళు మంచులో వేశారు. ఇంకొంచెం కాస్తే ఉండపాకం!"

దానితోపాటు ఒక డోనట్, ఒక పుల్లటి దోసకాయ ఊరగాయ పెట్టారు. తీపి మొహం మొత్తితే ఊరగాయ కొరికి, మళ్ళీ తీపి తినాలట. ఇక్కడి ఆనవాయితీ. నాన్న నవ్వాడు. "బెల్లం ఆవకాయ వీళ్ళకీ తెలుసన్నమాట." ఆయనకి షుగరు ఉంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

రాత్రి పై తింటూ అడిగాను, పొయ్యి ఎందుకు ఆపేశావని.

"ధర రాలేదు, కూలీలు దొరకలేదు" అన్నాడు. కాసేపాగి, "అవెప్పుడూ ఉన్నవే అనుకో. పాకం పట్టేటప్పుడు పక్కన ఒక మనిషుండాలి. నువ్వు చదువుకుంటున్నావు కదా" అన్నాడు.

నిష్ఠూరం లేదు ఆ గొంతులో. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

తిరుగు ప్రయాణం నాలుగు గంటలు. దారి పొడుగునా నాన్నే మాట్లాడాడు. రసంలో సున్నం ఎంత వెయ్యాలి, మడ్డి ఎప్పుడు తియ్యాలి, పిప్పి ఎలా ఎగదోస్తే మంట నిలకడగా ఉంటుంది, పాకం దించే ముందు వాసన ఎలా మారుతుంది. ఇల్లు చేరాక అన్నీ టైపు చేసి పెట్టుకున్నాను. ఒక్క వాసన దగ్గరే ఆగిపోయాను. అది రాస్తే వచ్చేది కాదు. వచ్చే సంక్రాంతికి ఊరెళ్తున్నాను. పక్క ఊళ్ళో ఇంకా ఒక పొయ్యి వెలుగుతోందట.