తప్పు పాటదా? పైకానిదా?

"ఈ దిక్కుమాలిన పాటలే దేశాన్ని పాడు చేశాయి, అబ్బాయ్!"

తోట్లవల్లూరులో ఓ పెళ్ళి పందిట్లో ఒక పెద్దాయన నాతో అన్న మాట యిది. బయట డీజే మోగుతోంది. ఆ దెబ్బకు విస్తరి పక్కన మంచినీళ్ళ గ్లాసు వణుకుతోంది. కుర్రాళ్ళు చొక్కాలు తడిసేలా గంతులేస్తున్నారు. పెద్దాయన బాధ నాకర్థమైంది. నా చెవులూ గింగురుమంటూనే వున్నాయి మరి!

అయితే, అదే బంతిలో పెరుగన్నం దగ్గరకొచ్చేసరికి ఆయన మనవడి సంబంధం సంగతి ఎత్తారు. "పిల్ల లక్షణంగా వుంది. కరకట్ట పక్కన రెండెకరాలిస్తామంటున్నారు. మూడైతేగానీ కుదరదన్నాం."

ఆ మూడో ఎకరం అడగమని ఏ సినిమా పాట నేర్పింది చెప్మా?

పాటను తిట్టడం మనకు కొత్త కాదు. మొవ్వ క్షేత్రయ్య పదాలు 17వ శతాబ్దం నాటివి. భోగంమేళాలు వద్దని సంస్కర్తలు ఉద్యమించిన రోజుల్లో ఆ పదాలంటే పెద్దమనుషులు ముఖం చిట్లించుకున్నారు. ఇవాళ అవే పదాలను సభల్లో ముందు వరసన కూర్చుని, తలలూపుతూ వింటున్నాం. 1970లలో ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు, జ్యోతిలక్ష్మి నాట్యం చూసి "ఇక కుర్రకారు చెడినట్టే" అన్నారు. అప్పటి కుర్రకారే తాతలై ఇప్పుడు డీజేని తిడుతున్నారు!

1953లో 'దేవదాసు' వచ్చింది. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల గొంతు, ఆ గుడివాడ ప్రాంతం వాడే అయిన అక్కినేని నటన. ఆ పాటలు విని జనం తాగుడు నేర్చుకున్నారని వాదించేవారున్నారు. అదే నిజమైతే, అదే ఘంటసాల పాడిన భగవద్గీత విన్నవాళ్ళంతా ఈపాటికి స్థితప్రజ్ఞులు కావాలి గదా! పాపం, ఆ గీతను మనవాళ్ళు చావింటికి అప్పగించి చేతులు దులుపుకున్నారు.

ఇంకో ముచ్చట. వరకట్నాన్ని నిషేధిస్తూ 1961లో చట్టం వచ్చింది. నిమ్మకూరు బిడ్డ రామారావుగారు తానే దర్శకత్వం వహించిన 'వరకట్నం' 1969లో విడుదలైంది. చట్టమూ వచ్చింది, చిత్రమూ వచ్చింది. కట్నం మాత్రం పోలేదు. మంచి చెప్పిన సినిమా మనల్ని మార్చలేకపోతే, చెడ్డ పాట ఒక్కటే మార్చేసిందని ఎలా నమ్మటం?

అలాగని పాటకు ఏ పాపమూ లేదనను. ఆడపిల్లను ఆటబొమ్మను చేసే పాట వెకిలివాడికి ధైర్యమిస్తుంది. ఆ తప్పు తప్పే. కానీ అలాంటి పాట ఎందుకు పెట్టారని అడగండి. "అది లేకపోతే డబ్బులు రావండీ" అంటారు. తిరిగి తిరిగి పైకం దగ్గరకే వచ్చామా లేదా?

రాత్రిపూట కరకట్ట మీద నిలబడితే ఇసుక లారీల రొద వినిపిస్తుంది. దానికి రాగం లేదు, తాళం లేదు. ఏటి కడుపు అతిగా తోడితే ఒడ్డు కోసుకుపోతుందనీ, బోర్లలో నీరు దిగిపోతుందనీ రైతులందరికీ తెలుసు. అయినా తోడేవాళ్ళు తోడుతూనే వుంటారు.

ఇంతమందిని అన్నాక నా సంగతీ చెప్పాలి. 1982లో నా పెళ్ళికి మైకుసెట్టులో 'ప్రేమాభిషేకం' పాటలు తెల్లవార్లూ మోగాయి. ఆ పాటలు నన్ను చెడగొట్టలేదు. అప్పటికి పది రోజుల ముందు మా మామగారు ఎకరం చెరుకు తోట అమ్మి తెచ్చిన కట్నం మా నాన్నగారు లెక్కపెడుతుంటే, పక్కనే కూర్చుని నోరు మెదపలేదు నేను. చదువుకున్నవాణ్ణి, ఉద్యోగస్తుణ్ణి! ఇప్పటికీ ఉయ్యూరు బస్సులో ఆ తోట దాటేటప్పుడు మా ఆవిడ కిటికీలోంచి అటే చూస్తుంది. ఒక్క మాట అనదు. నేను మాత్రం టిక్కెట్టు వెతుక్కుంటున్నట్టు జేబులు తడుముకుంటాను.

పెద్దాయనకు ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను: బాబాయిగారూ, డీజే చప్పుడు తగ్గించమని కుర్రాళ్ళతో నేను చెబుతాను. ఆ మూడో ఎకరం మాట మీరు మానుకుంటారా?