గిటార్‌కు కొత్త గొంతులు, గమకానికి పరీక్ష

సామర్లకోట చుట్టుపక్కల పెళ్ళి రిసెప్షన్లలో, తీర్థాల్లో వాయించే ఆర్కెస్ట్రాను కాసేపు గమనిస్తే ఒక తేడా కనిపిస్తుంది. కీబోర్డు కళాకారుడు పల్లవికి వయొలిన్ల గుంపు, చరణానికి ముందు వేణువు, పెళ్ళిపాట వస్తే సన్నాయి, అన్నీ ఒక్కడే పలికిస్తాడు. పక్కనే నిలబడ్డ గిటారిస్టుకు మాత్రం గిటార్ శబ్దమే దిక్కు. ఎఫెక్ట్స్ పెడల్ తొక్కితే ఆ శబ్దానికి రంగు మారుతుంది గానీ అది వేణువు అయిపోదు.

ఇందులో గిటారిస్టు లోపం ఏమీ లేదు. కీబోర్డు మీట ఒక స్విచ్చి. ఏ మీట నొక్కారో, ఎంత విసురుగా నొక్కారో యంత్రానికి ఆ క్షణమే తెలుస్తుంది. ఆ సంగతిని ఒక వాద్యం నుంచి మరో వాద్యానికి చేరవేసే ఉమ్మడి పద్ధతి పేరు మిడి. అమెరికా ఇంజనీరు డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ సంస్థను స్థాపించిన ఇకుతారో కకెహాషి చొరవతో 1983లో అది అన్ని కంపెనీలకూ ప్రమాణమైంది. 2013లో ఇద్దరికీ కలిపి టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. మిడి వైరులో శబ్దం ఉండదు, ఆజ్ఞలే ఉంటాయి. ఫలానా స్వరం మొదలుపెట్టు, ఇంత బలంగా పలుకు, ఇక ఆపు. స్వరాలకు 0 నుంచి 127 దాకా అంకెలు.

గిటార్ తీగ అలా అంకెలు చెప్పదు. మోగుతుంది, అంతే. అది ఏ స్వరమో తెలియాలంటే యంత్రం దాని కంపనాన్ని విని కొలవాలి. గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ సెకనుకు దాదాపు 82 సార్లు కంపిస్తుంది. అంటే ఒక్క ఆవర్తనం పూర్తి కావడానికే 12 మిల్లీసెకన్లు పడుతుంది. మీటగానే వచ్చే గరగర సద్దుమణిగి, ఒకటి రెండు ఆవర్తనాలు గడిస్తే గానీ యంత్రం నిర్ణయానికి రాలేదు. ఈలోగా 25 మిల్లీసెకన్లు దాటిపోతాయి. వడిగా నడిచే పాటలో ఆ ఆలస్యం వినేవాళ్ళకంటే ముందు వాయించేవాడి వేళ్ళకు తెలుస్తుంది. సన్న తీగకు ఈ బాధ తక్కువ. అది సెకనుకు 330 సార్లు కంపిస్తుంది కాబట్టి ఆవర్తనానికి 3 మిల్లీసెకన్లు చాలు.

రెండో చిక్కు, తీగ కంపనాన్ని పట్టే మామూలు పికప్ ఆరు తీగల శబ్దాన్నీ కలిపేసి ఒకే వైరులో పంపుతుంది. అందుకే బ్రిడ్జి పక్కన అమర్చే సన్నటి పట్టీ వచ్చింది. దానిలో తీగకొకటి చొప్పున ఆరు చిన్న పికప్‌లుంటాయి. అందరూ మిడి పికప్ అని పిలిచేది దీన్నే. రోలాండ్ జీకే పికప్‌లు చాలా ఏళ్ళపాటు 13 పిన్నుల కేబుల్‌తో ఆరు తీగల సంకేతాలనూ విడివిడిగా పంపాయి. ఆ సంకేతాలను స్వరాలుగా మార్చే పని ఆ చివర ఉన్న యంత్రానిది.

ఈ ప్రయత్నం మిడి కంటే పాతది. రోలాండ్ తొలి గిటార్ సింథసైజర్ జీఆర్-500 వచ్చింది 1977లో. అదే ఏడాది ఏఆర్‌పీ కంపెనీ అవతార్ అనే గిటార్ సింథసైజర్ తెచ్చి తీవ్రంగా నష్టపోయింది, 1981లో ఆ కంపెనీయే మూతపడింది. రోలాండ్ 1980లో తెచ్చిన జీఆర్-300ను జాజ్ గిటారిస్టు పాట్ మెథెనీ చేతబట్టి 1982 నాటి ‘ఆఫ్‌ర్యాంప్’ ఆల్బంలో ట్రంపెట్‌ను తలపించే గొంతుతో వాయించారు. దానిలో మిడి లేదు. తీగ కంపనాన్నే నేరుగా ఆధారం చేసుకుని శబ్దం పుట్టించడం వల్ల వేలు ఎటు జారితే శబ్దం అటు జారుతుంది.

వేలు జారడం అనగానే మన సంగీతం ముందుకొస్తుంది. ఇక్కడ గోదావరి జిల్లాల కథ ఒకటి చెప్పుకోవాలి. సామర్లకోట కుమారారామంలాగే పంచారామాల్లో ఒకటైన క్షీరారామం పాలకొల్లులో ఉంది. ఆ పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న ఉప్పలపు శ్రీనివాస్ పుట్టారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. ఆరేళ్ళ వయసులో తండ్రి మాండలిన్ పట్టుకున్న ఆ పిల్లవాడికి చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు రుద్రరాజు సుబ్బరాజు గురువయ్యారు. సుబ్బరాజుకు మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగ మీద పలికించేవాడు. గొంతులోని గమకాన్ని మెట్లున్న పాశ్చాత్య వాద్యం మీదికి తేవడం ఎలాగో అలా వెతుక్కుంటూ నేర్చుకున్నారు. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేశారు.

మామూలు మాండలిన్‌కు జంటజంటగా ఎనిమిది తీగలు. మీటిన శబ్దం టక్కున ఆరిపోతుంది, జంట తీగల్ని లాగి గమకం పట్టడం కష్టం. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని ఐదు ఒంటి తీగలకు మార్చారు. పికప్ శబ్దాన్ని పెంచింది, నిలిపింది. ఆ నిలిచిన శబ్దం మీద వేలు స్వేచ్ఛగా కదిలింది. ఆయన విద్యుత్తును అడిగింది చాలా కొంచెం, దానితో రాబట్టింది చాలా ఎక్కువ.

శబ్దాన్ని ఎంతసేపైనా నిలిపే ‘ఇన్ఫినిట్ గిటార్’ను తయారుచేసిన కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి శ్రీనివాస్ 1995లో ‘డ్రీమ్’ ఆల్బం చేశారు. తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్‌ల ‘రిమెంబర్ శక్తి’ బృందంలో చేరి దేశదేశాలు తిరిగారు. గిటార్ సింథసైజర్ మీద మెక్‌లాఫ్లిన్‌కు ఉన్న పట్టుదల తక్కువది కాదు. 1984లో ‘మహావిష్ణు’ ఆల్బంలో సింక్లావియర్ డిజిటల్ గిటార్ వాడారు. చెన్నైలో రికార్డు చేసి 2008లో విడుదల చేసిన ‘ఫ్లోటింగ్ పాయింట్’లోనూ గిటార్ సింథసైజర్ వాయించారు. ఆ ఆల్బంలో శ్రీనివాస్ తమ్ముడు యు.రాజేష్ మాండలిన్ కూడా వినిపిస్తుంది. మన ప్రాంతపు కుర్రాళ్ళు ఆ ఆల్బం తప్పక వినాలి. మిడి గొంతు, గమకం ఎంతవరకు కలిసి నడవగలవో అందులో చెవికి తెలుస్తుంది. శ్రీనివాస్ 2014 సెప్టెంబర్ 19న, 45 ఏళ్ళకే, చెన్నైలో కన్నుమూశారు.

ఇంతకీ మిడికి గమకం దగ్గర ఇబ్బంది ఏమిటి? స్వరానికి అంకె ఇవ్వడం తేలిక, రెండు స్వరాల మధ్య దారికి అంకె ఇవ్వడం కష్టం. ఆ దారి కోసం మిడిలో పిచ్ బెండ్ అనే ఆజ్ఞ ఉంది. దానిలో 16,384 మెట్లుంటాయి కనుక సూక్ష్మతకు లోటు లేదు. కానీ చాలా సింథసైజర్లు, అమరిక మార్చకపోతే, అటూ ఇటూ రెండేసి అరస్వరాల వరకే దాన్ని అనుమతిస్తాయి. షడ్జం నుంచి పంచమానికి జారితే ఏడు అరస్వరాలు. పికప్ యంత్రంలోనూ, శబ్దమిచ్చే సింథసైజర్‌లోనూ ఆ పరిధిని ఒకేలా 12కో 24కో పెట్టకపోతే అపస్వరం ఖాయం. పైగా బెండ్ ఆజ్ఞ ఒక ఛానెల్‌లోని స్వరాలన్నిటినీ కదిలిస్తుంది. అందుకని ఆరు తీగలకు ఆరు ఛానెళ్ళు కేటాయించాలి.

తీగకో ఛానెల్ ఉంటే ఇంకో లాభమూ ఉంది. కింది తీగల్లో బేస్ గిటార్, పైవాటిలో వేణువు పెట్టుకోవచ్చు. నలుగురే ఉండే చిన్న ఆర్కెస్ట్రాకు ఇది పెద్ద ఆసరా. లావు తీగల ఆలస్యానికి కూడా ఒక ఉపాయం ఉంది. బేస్ వరుసను ఒక స్థాయి పైన వాయించి, సింథసైజర్‌లో ఒక స్థాయి కిందికి దించాలి. వయొలిన్ల గుంపులాగా మెల్లగా లేచే శబ్దాలను ఎంచుకుంటే ఆ కాస్త ఆలస్యమూ వాటిలో కలిసిపోతుంది. పియానో, మృదంగం లాంటి తటాలున పలికే శబ్దాలకు మాత్రం ఈ పద్ధతి అంతగా నప్పదు.

రాగం వాయించే వేళకు మిడిని పక్కన పెట్టడమే మేలు. తీగ సంకేతాన్నే నేరుగా మలిచే యంత్రాలు 1995 నాటి రోలాండ్ వీజీ-8 నుంచి ఉన్నాయి. అవి స్వరాన్ని ఊహించవు కాబట్టి గమకం తెగదు. 2015లో బాస్ కంపెనీ తెచ్చిన ఎస్‌వై-300కైతే ప్రత్యేక పికప్ కూడా అక్కర్లేదు. మిడే కావాలనుకునేవారికి ఫిష్‌మన్ ట్రిపుల్‌ప్లే వైర్‌లెస్ పికప్ ఉంది. మామూలు గిటార్ శబ్దాన్నే ల్యాప్‌టాప్‌లో మిడిగా మార్చే జామ్ ఆరిజిన్ సాఫ్ట్‌వేర్ ఉంది. బాస్ 2023లో తెచ్చిన జీఎం-800, కొత్త జీకే-5 పికప్‌తో డిజిటల్ కేబుల్ మీద పనిచేస్తుంది. అయస్కాంతంతో పనిచేసే పికప్‌లకు ఉక్కు తీగలే కావాలి. నైలాన్ తీగల గిటార్ ఉన్నవాళ్ళు పియెజో రకం వెతుక్కోవాలి.

కొనేముందు దుకాణంలోనే మూడో తీగ మీద తోడి రాగ గాంధారం ఊపి చూడాలి. రిషభానికీ మధ్యమానికీ మధ్య కదిలే ఆ స్వరం సింథసైజర్‌లో ఒకే ఊపిరిగా వస్తే ఆ యంత్రం మన చేతికి సరిపోతుంది. ముక్కలుముక్కలుగా, మెట్టుమెట్టుకూ కొత్తగా మొదలైతే ముందు తీగకూ పికప్‌కూ మధ్య దూరం చూడాలి. చివరి మెట్టు నొక్కి పట్టినప్పుడు ఒక మిల్లీమీటరు ఉండాలి. తర్వాత ప్రతి తీగకూ విడిగా సెన్సిటివిటీ సర్దాలి, బెండ్ పరిధి రెండు చోట్లా ఒకటేనో కాదో చూడాలి. అప్పటికీ తెగుతుంటే ఆ శబ్దాన్ని రాగానికి కాక వెనక శ్రుతికి, హార్మనీకి వాడుకుని, రాగాన్ని గిటార్ సొంత గొంతుతోనే వాయించుకోవచ్చు.