జొన్న పిలిస్తే మల్లె వింటుంది

బాచుపల్లి గేటెడ్ కమ్యూనిటీల్లో లాన్ కోసే మిషన్ తిరిగినప్పుడు వచ్చే పచ్చి వాసన చాలామందికి ఇష్టం. గడ్డికి మాత్రం అది గాయం వాసన. ఆకు తెగగానే అందులోని కొవ్వు ఆమ్లాలు విరిగి, తేలిగ్గా ఆవిరయ్యే రసాయనాలుగా మారి సెకన్లలో గాల్లో కలుస్తాయి. పురుగు కొరికినా అంతే. ఆ వాసన తగిలితే కొన్ని జాతుల్లో పక్క మొక్కలు ముందే రక్షణకు సిద్ధమవుతాయి. పురుగుల ఒంట్లో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలూ దాన్ని పట్టుకునే వచ్చి వాలతాయి.

అంటే ఎవరి కోసం వదిలినా సరే, పసిగట్టగలిగిన ప్రతి ప్రాణికీ ఆ కబురు అందుతుంది.

మనిషికి కూడా. శనగపచ్చ పురుగు జాతిలో ఆడ రెక్కల పురుగు రాత్రిపూట మగవాటిని రప్పించడానికి ఒక వాసన వదులుతుంది. ఆ రసాయనాన్నే తయారుచేసి ఎరగా పెడితే లింగాకర్షక బుట్ట. పడేవన్నీ మగ పురుగులే, గుడ్లు పెట్టేవి తప్పించుకుంటాయి. కాబట్టి పురుగును చంపడానికన్నా దాని ఉధృతిని కనిపెట్టడానికే ఈ బుట్టలు ఎక్కువ అక్కరకొస్తాయి.

మట్టి కింద జరిగే కథ ఇంకా గమ్మత్తు. మియాపూర్ మీదుగా ముంబై హైవే ఎక్కితే పటాన్‌చెరు. 1972లో అక్కడ మొదలైన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పనిచేసే ముఖ్య పంటల్లో జొన్న ఒకటి, జొన్నకు పాత శత్రువు మల్లె. జడలో తురుముకునే మల్లె కాదు, స్ట్రైగా అనే పరాన్నజీవి కలుపు. నేలలో భాస్వరం తక్కువైతే జొన్న వేళ్లు స్ట్రైగోలాక్టోన్లనే రసాయనాలు వదులుతాయి. ఆ పిలుపు మైకోరైజా శిలీంధ్రానికి: అది భాస్వరం తెచ్చిస్తుంది, జొన్న చక్కెర పెడుతుంది. మధ్యలో మల్లె గింజ వినేస్తుంది. ధూళి రేణువంత గింజ, లోపల తిండి నిల్వ దాదాపు లేదు. మొలిచాక వేరు దొరక్కపోతే కొద్ది రోజుల్లోనే చావు. అందుకే వాన పడగానే తొందరపడదు. పక్కన జొన్న వేరు ఉందని తెలిసేదాకా, అవసరమైతే పదేళ్లకు పైగా, కదలకుండా ఉండగలదు. తర్వాత వేరులోకి చొచ్చుకుపోయి నీళ్లూ పోషకాలూ లాగేస్తుంది. నేల పైకి కనబడేసరికి నష్టం చాలావరకు జరిగిపోయే ఉంటుంది.

దొంగ గుట్టు ముందు బయటపడింది, పిలుపు ఎవరికన్నది చాలా తర్వాత తేలింది. మల్లెను మొలిపించే స్ట్రైగాల్‌ను 1966లోనే పత్తి వేళ్ల నుంచి వేరు చేశారు. స్ట్రైగాల్ కూడా ఒక స్ట్రైగోలాక్టోనే; ఆ కుటుంబపు రసాయనాలు శిలీంధ్రానికి సంకేతమని జపాన్ శాస్త్రవేత్తలు రుజువు చేసింది 2005లో.

జొన్నల్లో కొన్ని ఈ పిలుపును తక్కువగా పంపుతాయి. మల్లెను తట్టుకునే రకాల కోసం ఇక్రిశాట్ వెదుకులాటలో ఈ గుణం చాలా పనికొచ్చింది. రైతు చేతిలో ఉన్న ఉపాయం పంట మార్పిడి. జొన్న మల్లె పత్తి వేరును పట్టలేదు. పత్తి పిలుపు విని మొలిచిన గింజ ఆకలితో చస్తుంది. ఒక్క ఏడు పత్తితో మాత్రం చేను శుభ్రపడదు. వేళ్లు చేరని చోట ఉన్న గింజలకు ఆ పిలుపు అందనే లేదు మరి.