ఫోన్‌లో ఫ్లైట్‌రాడార్ ఉంటే పైలట్‌కు చాలా? ఏడీఎస్-బీ గ్యాడ్జెట్ల అసలు సంగతి

మా పిన్ని కొడుకు పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడు. మొన్న వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పెట్టి, "అన్నా, సోలో ఫ్లైట్‌లో ఫ్లైట్‌రాడార్24 ఓపెన్ చేసి పెట్టుకుంటే చుట్టుపక్కల విమానాలు కనిపిస్తయి కదా, ఇంకేం కావాలె?" అని అడిగిండు. "వద్దు తమ్మీ" అని వెంటనే రాశాను. ఎందుకు వద్దన్నానో మీకూ చెప్తాను.

యాప్‌కు సమాచారం ఎక్కడిది?

ఏడీఎస్-బీ ఔట్ ఉన్న విమానం జీపీఎస్‌తో తన స్థానం తెలుసుకుని, ఎత్తు, వేగంతో కలిపి 1090 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం చేస్తూ ఉంటుంది. నేల మీద ఎవరో పెట్టిన రిసీవర్ దాన్ని పట్టి ఇంటర్నెట్‌లో పంపితే, అది మన యాప్‌లోకి వస్తుంది. కరీంనగర్‌లో మా డాబా మీద నుంచి చూస్తే ఢిల్లీ-హైదరాబాద్ విమానాలు యాప్‌లో చక్కగా కనిపిస్తాయి. 35,000 అడుగుల ఎత్తులో ఉన్న విమానం సిగ్నల్ సుమారు 400 కిలోమీటర్ల దాకా అందుతుంది మరి.

కానీ భూమి గుండ్రం. అదే విమానం 1,000 అడుగుల్లో ఉంటే చదునైన నేల మీద కూడా 70 కిలోమీటర్లు దాటదు. చిన్న విమానాలు తిరిగేది ఆ ఎత్తుల్లోనే. దగ్గర్లో రిసీవర్ లేకపోతే యాప్‌లో విమానం మాయమవుతుంది, లేదా కొంతసేపు అంచనా వేసిన స్థానం కనిపిస్తుంది. పైగా గాల్లో మొబైల్ నెట్‌ను నమ్ముకోలేం.

పది సెకన్లు అంటే ఎంత?

సెస్నా 172 గంటకు సుమారు 220 కిలోమీటర్లు పోతుంది. రెండు ఎదురెదురుగా వస్తే 440. అంటే పది సెకన్లలో 1.2 కిలోమీటర్ల దూరం తగ్గిపోతుంది. ఎదుటి విమానాన్ని చూసి, గుర్తించి, తప్పించడానికి మనిషికి సుమారు 12.5 సెకన్లు పడుతుందని అమెరికా ఎఫ్‌ఏఏ లెక్క. యాప్ పది సెకన్లు లేటయితే ఇంకేం మిగిలింది?

1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర రెండు పెద్ద విమానాలు గాల్లో ఢీకొని 349 మంది చనిపోయారు. ఆ తర్వాతే మన దేశంలో పెద్ద విమానాలకు టీకాస్ తప్పనిసరి అయింది. టీకాస్ ఎదుటి ట్రాన్స్‌పాండర్‌ను నేరుగా అడిగి, "పైకి పో", "కిందికి దిగు" అని పైలట్‌కు చెప్తుంది. ఖరీదూ బరువూ ఎక్కువ కాబట్టి చిన్న విమానాల్లో ఎక్కువగా ఉండదు.

మరి చిన్న విమానానికి ఏముంది?

మొదటిది స్ట్రాటక్స్ లాంటి పోర్టబుల్ రిసీవర్. రాస్ప్‌బెర్రీ పై, ఎస్‌డీఆర్ డాంగుల్, జీపీఎస్‌తో తయారయ్యే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఇది. విమానాల సిగ్నల్‌ను నేరుగా పట్టి వైఫైతో ట్యాబ్‌కు పంపుతుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. రెండోది స్కైఎకో 2 లాంటిది. ఇది వినడమే కాదు, మన స్థానాన్ని ప్రసారం కూడా చేస్తుంది. ప్రసారం చేసే ఏ పరికరమైనా మన దగ్గర అనుమతుల సంగతి తేల్చుకోకుండా ఆన్ చెయ్యొద్దు. మూడోది ఫ్లార్మ్. స్విట్జర్లాండ్‌లో గ్లైడర్ల కోసం పుట్టింది, యూరప్‌లో బాగా వాడతారు. ఎదుటి విమానంలోనూ ఫ్లార్మ్ ఉంటేనే దానికి పూర్తి ఉపయోగం.

అసలు మెలిక ఇక్కడే ఉంది. రిసీవర్‌కు ప్రసారం చేసేవాళ్లే కనిపిస్తారు. పాత ట్రైనర్, సైనిక విమానం, పొలంలో మందు కొట్టే డ్రోన్ అందులో లేకపోవచ్చు. అమెరికాలో ఏడీఎస్-బీ లేని విమానాల స్థానాన్ని కూడా గ్రౌండ్ స్టేషన్లు పంపుతాయి. ఆ యూట్యూబ్ వీడియోలు చూసి ఇక్కడా అంతే అనుకోవద్దు. ఖాళీ స్క్రీన్ అంటే ఖాళీ ఆకాశం కాదు.

నా మాట

ఆదిలాబాద్ ఎయిర్‌ఫీల్డ్‌లో పౌర విమానాలకు 2025లో వాయుసేన ఒప్పుకుంది. రేపు మన మీద చిన్న విమానాలు, డ్రోన్లు రెండూ పెరుగుతాయి. గ్యాడ్జెట్ మీద ఆసక్తి ఉంటే ముందు డాబా మీద రిసీవర్‌తో నేర్చుకోండి. మా తమ్ముడికి మాత్రం ఇలా రాశాను: రిసీవర్ కావాలంటే మీ ఇన్‌స్ట్రక్టర్‌ను అడిగి తీసుకో. అది ఎటు చూడాలో చెప్తది. చూడాల్సింది మాత్రం నీ కళ్లతోనే, కిటికీలోంచే. రేడియోలో నీ స్థానం చెప్పుడు మర్వకు.