నీళ్ళంటే జడిసే బొద్దు నాయిక!

సినిమా హీరోయిన్‌కి సన్ననడుం ఉండాలంటారు. మా డాబా మీది నాయికకి మాత్రం మొదలు ఎంత లావైతే అంత గిరాకీ! పేరు అడీనియం. నర్సరీవాళ్ళు 'ఎడారి గులాబి' అంటారు గానీ, గులాబీకీ దీనికీ చుట్టరికమే లేదు. అసలు చుట్టం మన గన్నేరు.

పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా, అరేబియా. దీని కథలోనూ ఓ విషాదం ఉంది. లినేయస్ శిష్యుడు పీటర్ ఫోర్స్‌కాల్ మొక్కల్ని వెతుక్కుంటూ యెమెన్ వెళ్ళి, 1763లో మలేరియాతో అక్కడే కన్నుమూశాడు. ఆయన రాసుకున్న కాగితాల్ని తోటి యాత్రికుడు నీబూర్ 1775లో అచ్చువేయించాడు. అందులో దీని పేరు 'నీరియం ఒబీసం'. అంటే... బొద్దుగన్నేరన్నమాట!

నేను మొదటిది కడియంలో కొన్నాను. అరచేతిలో పట్టేంత మొక్క, నాలుగు ఎర్ర పూలు. పొద్దున చెంబుడు, సాయంత్రం చెంబుడు నీళ్ళు పోశాను. వానాకాలం వచ్చేసరికి ఆకులు పచ్చబడ్డాయి. నీళ్ళు చాలలేదు కాబోలని ఇంకో చెంబు! ఓరోజు మొదలు ముట్టుకుంటే వేలు లోపలికి దిగిపోయింది. ఒకటే కుళ్ళు వాసన.

మళ్ళీ వెళితే నర్సరీ పెద్దాయన అడిగాడు.

"ఏం చేశారు బాబూ?"

"ప్రాణంగా చూసుకున్నానండీ!"

"అదే దాని ప్రాణం తీసింది."

ఆ దుంపే దాని నీళ్ళ ట్యాంకని అప్పుడు తెలిసింది. కుండీలో మట్టి పూర్తిగా ఆరాకే నీళ్ళు పోయాలి. మొదలు కాస్త వడిలి ముడతలు పడిందా, దాహం. తడితడిగా మెత్తబడిందా, కుళ్ళు! అప్పుడు పదునైన చాకుతో తెల్లటి కండ కనిపించేదాకా కోసేసి, నీడలో వారంరోజులు ఆరబెట్టి మళ్ళీ నాటాలట. నాకీ సంగతి ముందే తెలిస్తేనా!

కుండీకి చిల్లులుండాలి. మట్టిలో సగం ముతక ఇసుక, ఇటుక ముక్కలు. ఎండ మాత్రం పుష్కలంగా... రోజుకి ఐదారు గంటలైనా తగలకపోతే పూలమాట మర్చిపోండి. చలికాలంలో ఆకులు రాలిస్తే కంగారుపడి నీళ్ళు గుమ్మరించకండి, అది దాని నిద్ర. బొద్దుతనం కావాలంటే విత్తనం మొక్కే కొనండి. కొమ్మ నాటితే మొదలు అంతగా ఊరదు. కుండీ మార్చినప్పుడల్లా దుంపని ఓ అంగుళం పైకి లేపి నాటితే వేళ్ళు శిల్పంలా బయటపడతాయి.

అందగత్తె విలనిజం కూడా ఉందండోయ్! కొమ్మ తుంచితే కారే రసం గుండెని దెబ్బతీసే విషం. ఆఫ్రికాలో బాణాల మొనలకు పూసి వేటాడేవారు. కత్తిరించాక చేతులు సబ్బుతో కడుక్కోండి. పాకే పిల్లలున్న ఇంట్లో కుండీ నేలమీద పెట్టొద్దు.

నా రెండో మొక్కకి ఇప్పుడు నాలుగేళ్ళు. ఈ వేసవిలో విరగబూసింది. మా అమ్మ మాత్రం "పాపం, ఎండలో మాడిపోతోందిరా" అంటూనే ఉంటుంది. అందుకే డాబా మీది చెంబు దాచేశాను.